ఉబుంటు 24.04లో బిల్డ్ చేసిన ప్రోగ్రాం పాత మెషీన్లలో ఎందుకు తెరుచుకోవడం లేదు?

ప్రశ్న: మాది విజయవాడ. కిరాణా, మందుల షాపుల కోసం బిల్లింగ్ ప్రోగ్రాం రాశాను. సీ ప్లస్ ప్లస్, క్యూటీ 5.15 (విండోలు, బటన్లు గీసే లైబ్రరీ). డేటా ఎస్‌క్యూలైట్‌లో ఉంటుంది, రోజువారీ లెక్కలు లిబ్‌కర్ల్ ద్వారా సర్వర్‌కి వెళ్తాయి. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 ఉంది. షాపుల్లో ఒక్కో చోట ఒక్కోటి: ఉబుంటు 20.04, 22.04, డెబియన్ 11, ఒక చోట ఫెడోరా, హోల్‌సేల్ డీలర్ దగ్గర ఆల్మాలైనక్స్ 8. నా డెబ్ ప్యాకేజీ వేస్తే ‘లిబ్‌కర్ల్4టీ64 దొరకలేదు’ అని ఆగిపోతోంది. బైనరీ నేరుగా కాపీ చేస్తే ‘జీలిబ్‌సి_2.38 వెర్షన్ లేదు’ అంటోంది. నా మెషీన్‌లోని లిబ్‌సి ఫైలు తీసుకెళ్లి అక్కడ పెట్టేయమని ఒక ఫ్రెండ్ సలహా. పెట్టొచ్చా? లేక స్టాటిక్‌గా బిల్డ్ చేయాలా, యాప్‌ఇమేజా, ఫ్లాట్‌ప్యాకా, డాకరా? ఏది పట్టుకోవాలో అర్థం కావడం లేదు.

సమాధానం: ముందు ఆ ఫ్రెండ్ సలహా సంగతి. దయచేసి ఆ పని చేయకండి. లిబ్‌సి అంటే లైనక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రాం ఆధారపడే మూల సీ లైబ్రరీ, మీ మెషీన్లలో ఉన్న దాని రూపం పేరు జీలిబ్‌సి. అది ఒంటరిగా ఉండే ఫైలు కాదు. ప్రోగ్రాంని మెమరీలోకి ఎక్కించే లోడర్ (ఎల్‌డీ-లైనక్స్ అని మొదలయ్యే ఫైలు), లిబ్‌సి రెండూ ఒకే వెర్షన్‌వి అయి ఉండాలి. వాటి మధ్య బయటికి చెప్పని లోపలి సింబల్స్ (ఫంక్షన్ల, వేరియబుల్స్ పేర్లు) నడుస్తుంటాయి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే మీ ప్రోగ్రాం సంగతి దేవుడెరుగు, ఎల్‌ఎస్, సుడో, బ్యాష్ కూడా పనిచేయవు. పాత ఫైలు తిరిగి పెడదామన్నా సీపీ కమాండ్‌కీ అదే లిబ్‌సి కావాలి. అప్పుడు లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి సరిచేయడమే దారి. సాయంత్రం రద్దీ వేళ షాపులో ఆ పని పెట్టుకోకూడదు.

ఇప్పుడు ఆ ఎర్రర్ ఏం చెబుతోందో చూద్దాం. జీలిబ్‌సిలో ప్రతి ఫంక్షన్‌కీ ఒక వెర్షన్ ముద్ర ఉంటుంది. మీరు బిల్డ్ చేసిన మెషీన్‌లో ఏ ముద్ర ఉంటే బైనరీ దాన్నే అడుగుతుంది. కొత్త జీలిబ్‌సి మీద పాత బైనరీ నడుస్తుంది, పాతదాని మీద కొత్తది నడవదు. మీ మెషీన్లలో లెక్క ఇదీ: ఉబుంటు 24.04లో 2.39, 22.04లో 2.35, ఉబుంటు 20.04లోనూ డెబియన్ 11లోనూ 2.31, ఆల్మా 8లో 2.28. ఫెడోరా ఎప్పుడూ కొత్తదే ఉంచుతుంది కాబట్టి దానితో ఇబ్బంది లేదు.

‘నేను కొత్త ఫంక్షన్లేవీ వాడలేదే’ అని మీకు అనిపించొచ్చు. వాడక్కర్లేదు. 2021లో వచ్చిన 2.34లో థ్రెడ్లు, డీఎల్ లైబ్రరీలను లిబ్‌సిలోనే కలిపేసినప్పుడు ప్రోగ్రాంని మొదలుపెట్టే ఫంక్షన్‌కే కొత్త ముద్ర పడింది. అందుకే ఖాళీ మెయిన్ ఉన్న ప్రోగ్రాం కూడా 2.34 అడుగుతుంది. ఇక మీకు కనిపించిన 2.38 వెనక ఉన్నది స్ట్రింగ్‌ని అంకెగా మార్చే మామూలు ఎస్‌టీఆర్‌టోఎల్. 2.38 నుంచి సీ23 ప్రమాణానికి తగ్గ కొత్త రూపం ఒకటి పెట్టారు. జీ ప్లస్ ప్లస్ కంపైలర్ గ్నూ సోర్స్ మ్యాక్రోని తనంతట తనే పెట్టుకుంటుంది గనుక మీ స్టాయ్ (స్ట్రింగ్‌ని అంకెగా మార్చే సీ ప్లస్ ప్లస్ ఫంక్షన్) పిలుపులన్నీ హెడర్ స్థాయిలోనే ఆ కొత్త రూపానికి మళ్లిపోతాయి. కోడ్‌లో ఎక్కడ వెతికినా మీకు ఇది కనపడదు. సిమ్‌వర్ డైరెక్టివ్‌తో ఒక్కో ఫంక్షన్‌ని పాత ముద్రకి కట్టే చిట్కా ఉంది గానీ, ఒకటి సరిచేస్తే ఇంకోటి లేస్తుంది. అటు పోకండి.

మందు ఒక్కటే: మీరు సపోర్ట్ చేయాల్సిన వాటిలో అన్నిటికన్నా పాత సిస్టమ్ మీద బిల్డ్ చేయడం. మీ జాబితాలో అది ఆల్మాలైనక్స్ 8. దాని సెక్యూరిటీ సపోర్ట్ 2029 దాకా ఉంది కాబట్టి పునాదిగా నమ్మొచ్చు. ఉబుంటు 20.04 మామూలు సపోర్ట్ 2025 మేలోనే ముగిసింది, ఆ షాపులవాళ్లకి అప్‌గ్రేడ్ సంగతి కూడా ఓ మాట చెప్పండి. పైథాన్ వాళ్ల మెనీలైనక్స్ 2_28 వీల్స్ (ముందే బిల్డ్ చేసి ఇచ్చే ప్యాకేజీలు) కూడా ఆల్మా 8 మీదే తయారవుతాయి, పేరులోని 2_28 అన్నది ఈ జీలిబ్‌సి అంకే.

దీనికోసం ల్యాప్‌టాప్‌లో ఓఎస్ మార్చక్కర్లేదు. పోడ్‌మ్యాన్ గానీ డాకర్ గానీ పెట్టుకుని ఆల్మాలైనక్స్ 8 ఇమేజ్ లాగండి, మీ సోర్స్ ఫోల్డర్‌ని కంటైనర్‌లోకి మౌంట్ చేయండి. లోపల పవర్‌టూల్స్, ఈపెల్ రిపాజిటరీలు తెరిచి, డీఎన్ఎఫ్‌తో జీసీసీ-టూల్‌సెట్-13, సీమేక్, క్యూటీ5-క్యూటీబేస్-డెవెల్, ప్యాచ్‌ఎల్ఫ్ (బైనరీలో లైబ్రరీల దారి మార్చే పనిముట్టు) వేయండి. తర్వాత ఎస్‌సీఎల్ ఎనేబుల్ కమాండ్‌తో ఆ టూల్‌సెట్‌లోకి వెళ్లి బిల్డ్ చేయండి. పాత బిల్డ్ ఫోల్డర్‌ని ముందే పూర్తిగా తీసేయాలి. లేకపోతే సీమేక్ క్యాష్‌లో ఉబుంటు దారులే మిగిలిపోయి ఎక్కడెక్కడివో ఎర్రర్లు వస్తాయి.

పాత ఓఎస్ అంటే కంపైలర్ కూడా పాతదేనేమో, సీ ప్లస్ ప్లస్ 20 వదులుకోవాలేమో అని భయపడక్కర్లేదు. రెడ్ హ్యాట్ వాళ్ల ఈ టూల్‌సెట్ పద్ధతి చక్కనిది: సిస్టమ్‌లోని పాత లిబ్‌ఎస్‌టీడీసీ ప్లస్ ప్లస్‌లో (సీ ప్లస్ ప్లస్ ప్రామాణిక లైబ్రరీలో) ఉన్న సింబల్స్‌ని అక్కడినుంచే తీసుకుంటుంది, లేని కొత్త ముక్కలను మాత్రం మీ బైనరీలోనే స్టాటిక్‌గా కలిపేస్తుంది. కంపైలర్ 13, బయటి నుంచి అడిగేది మాత్రం జీసీసీ 8 నాటి లైబ్రరీ. కాబట్టి ఆ లైబ్రరీని మీరు మోయక్కర్లేదు.

బిల్డ్ అయ్యాక ఆబ్జ్‌డంప్‌ని పెద్ద టీ ఆప్షన్‌తో బైనరీ మీద నడిపి, ‘జీలిబ్‌సి_’ తర్వాత అంకెలున్న ముద్రలను మాత్రమే గ్రెప్‌కి చిన్న ఓ ఇచ్చి తీసి, సార్ట్‌కి పెద్ద వీ ఇచ్చి చూడండి. అట్టడుగున వచ్చే అంకె 2.28 దాటకూడదు. బైనరీ ఒక్కటే కాదు, మీరు వెంట పంపే ప్రతి ఎస్ఓ (షేర్డ్ లైబ్రరీ) ఫైలు మీదా ఈ పరీక్ష చేయాలి. ఉబుంటు ల్యాప్‌టాప్ నుంచి పొరపాటున ఒక్క లైబ్రరీ వచ్చి చేరినా ఇక్కడే దొరికిపోతుంది. కంపైలర్ ఆప్షన్లలో మార్చ్-నేటివ్ ఉంటే దాన్నీ తీసేయండి. మీ ప్రాసెసర్‌కి తగ్గ ఇన్‌స్ట్రక్షన్లు వాడేసి, పాత ప్రాసెసర్ ఉన్న షాపు కంప్యూటర్లలో ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని చచ్చిపోతుంది. ఆ మాట చూసి జనం ర్యామ్ పోయిందనుకుంటారు.

ఇక ఏం మోసుకెళ్లాలి, ఏం వదిలేయాలి అన్నది అసలు పని. బయటూరికి వంటకి వెళ్లేవాడు గరిటెలు, మసాలాలు తనవి తెచ్చుకుంటాడు, పొయ్యి మాత్రం అక్కడిదే వాడుకుంటాడు. ఇక్కడ పొయ్యి అంటే జీలిబ్‌సి, దాని లోడర్, లిబ్‌జీఎల్, లిబ్‌డీఆర్‌ఎం, లిబ్‌ఎక్స్11, లిబ్‌ఎక్స్‌సీబీ అసలు ఫైలు, ఆల్సా, ఫాంట్‌కాన్ఫిగ్, ఫ్రీటైప్, హార్ఫ్‌బజ్, లిబ్‌ఎస్‌టీడీసీ ప్లస్ ప్లస్. ఇవి ఆ సిస్టమ్‌వే వాడాలి. లిబ్‌ఎస్‌టీడీసీ ప్లస్ ప్లస్‌ని ‘ఎందుకైనా మంచిది’ అని వెంట పెట్టేవాళ్లు చాలామంది. అలా పెడితే ఏమవుతుందంటే, కొత్త ఫెడోరాలో ఉండే మెసా గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా సీ ప్లస్ ప్లస్ కోడే. అది మీ ప్రాసెస్‌లోకే లోడ్ అవుతుంది. అప్పటికే మీ పాత లైబ్రరీ మెమరీలో కూర్చుని ఉంటుంది, డ్రైవర్‌కి కావలసిన కొత్త ముద్ర అందులో ఉండదు. ‘మెసా-లోడర్: ఓపెన్ చేయలేకపోయాం, జీఎల్ఐబీసీఎక్స్ఎక్స్ (లిబ్‌ఎస్‌టీడీసీ ప్లస్ ప్లస్ వెర్షన్ ముద్ర) లేదు’ అని వచ్చి, గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌కి పడిపోవడమో విండో అసలు రాకపోవడమో జరుగుతుంది. పాతవాటిలో బాగానే ఉండి కొత్తవాటిలో మాత్రమే చెడిపోయే ఈ రకం లోపం పట్టుకోవడం కష్టం.

మోయాల్సినవి: క్యూటీ లైబ్రరీలు, ఎస్‌క్యూలైట్, పీసీఆర్‌ఈ2, డబుల్-కన్వర్షన్, ఐసీయూ. ఐసీయూని (యూనికోడ్, భాషల పనులు చూసే లైబ్రరీ) మర్చిపోవద్దు. దాని పెద్ద వెర్షన్ మారిన ప్రతిసారీ ఫైలు పేరులోని అంకె మారుతుంది: ఆల్మా 8లో 60, ఉబుంటు 20.04లో 66, 22.04లో 70. ఒకదాని బదులు ఇంకోటి పనికిరాదు. అందులో డేటా ఫైలు ఒక్కటే పాతిక ఎంబీ పైన ఉంటుంది. ప్యాకెట్ సైజు చూసి కంగారుపడకండి, అది అవసరమే.

లిబ్‌కర్ల్ దగ్గర రెండు గోతులున్నాయి. మొదటిది: ఆల్మా 8 ఇచ్చే లిబ్‌కర్ల్‌ని ఎల్‌డీడీతో (ఒక ఫైలుకి ఏయే లైబ్రరీలు కావాలో చూపే కమాండ్) చూస్తే ఎల్‌డ్యాప్, కెర్బరోస్, ఎస్‌ఎస్‌హెచ్, ఇంకా వాటి చుట్టాలన్నీ దిగుతాయి. మీకు కావలసింది హెచ్‌టీటీపీఎస్ ఒక్కటే. కాబట్టి కర్ల్ సోర్స్ తెచ్చుకుని, హెచ్‌టీటీపీఎస్‌కి కావలసిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మాత్రం ఉంచి, ఎల్‌డ్యాప్, ఎస్‌ఎస్‌హెచ్, జీఎస్ఎస్ఏపీఐ, పీఎస్‌ఎల్ ఆపేసి అదే కంటైనర్‌లో మీరే బిల్డ్ చేసుకోండి. మోయాల్సిన ఫైళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతకి తగ్గిపోతాయి.

రెండోది మరింత మోసకారిది. సర్టిఫికెట్ల ఫైలు ఎక్కడుందో లిబ్‌కర్ల్‌లోకి బిల్డ్ సమయంలోనే ఎక్కిపోతుంది. ఆల్మాలో అది ఈటీసీ కింద పీకేఐ/టీఎల్ఎస్/సర్ట్స్ ఫోల్డర్‌లోని సీఏ-బండిల్. ఉబుంటు, డెబియన్లలో ఈటీసీ కింద ఎస్‌ఎస్‌ఎల్/సర్ట్స్ ఫోల్డర్‌లోని సీఏ-సర్టిఫికెట్స్. ఆల్మాలో బిల్డ్ చేసింది ఉబుంటులో నడిపితే ప్రోగ్రాం తెరుచుకుంటుంది, బిల్లులు పడతాయి, సర్వర్‌కి పంపేటప్పుడు మాత్రం కర్ల్ ఎర్రర్ 77. ఇంటర్నెట్ లేదేమోనని రౌటర్ ఆపి పెడుతూ కూర్చుంటారు. దీనికి విరుగుడు: ప్రోగ్రాం మొదలవగానే ఆ రెండు దారుల్లో ఏ ఫైలు ఉందో చూసి, ఉన్నదాన్ని కర్ల్‌ఆప్ట్-సీఏఇన్ఫో ద్వారా ఇవ్వండి. సర్టిఫికెట్ పరీక్షే ఆపేసే ఆప్షన్ ఒకటి కనిపిస్తుంది. షాపుల లెక్కలు వెళ్లే దారిలో దాన్ని వాడకండి.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని కూడా మీరే మోయాలి, ఎందుకంటే ఉబుంటు 20.04లో 1.1.1, 22.04లో 3.0, రెండూ ఒకదానికొకటి అతకవు. 1.1.1కి అసలు తయారీదారుల ఉచిత సపోర్ట్ 2023 సెప్టెంబర్‌లో ముగిసింది. ఆల్మా వాళ్లు తమ ప్యాకేజీకి సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తున్నారు గానీ, మీరు మోసుకెళ్లిన కాపీకి అవి వాటంతట అవి రావు. ప్యాచ్ వచ్చినప్పుడల్లా కంటైనర్ అప్‌డేట్ చేసి, మళ్లీ బిల్డ్ చేసి, షాపులకి పంపడం ఇకనుంచి మీ బాధ్యత. లైబ్రరీలు వెంట పంపే పద్ధతిలో అసలు ఖర్చు డిస్క్ చోటు కాదు, ఇదే.

ఎల్‌డీడీ చూపించనివి కూడా ఉన్నాయి. క్యూటీ తన ప్లగిన్లను ప్రోగ్రాం నడిచేటప్పుడు తెరుస్తుంది కాబట్టి అవి డిపెండెన్సీల జాబితాలో రావు. ‘ఎక్స్‌సీబీ ప్లాట్‌ఫాం ప్లగిన్ లోడ్ చేయలేకపోయాం’ అన్న ప్రసిద్ధ ఎర్రర్ ఇక్కడిదే (స్క్రీన్ మీద విండో తెరిచేది ఈ ప్లగినే). ప్లాట్‌ఫామ్స్ ఫోల్డర్‌లో లిబ్‌క్యూఎక్స్‌సీబీ, ఎస్‌క్యూఎల్‌డ్రైవర్స్‌లో లిబ్‌క్యూఎస్‌క్యూలైట్ పెట్టాలి. తర్వాత ఆ ప్లగిన్ల మీద విడిగా ఎల్‌డీడీ నడిపి, వాటికి కావలసిన ఎక్స్‌సీబీ చిన్న లైబ్రరీలు (ఐసీసీసీఎం, ఇమేజ్, కీసిమ్స్, రెండర్-యుటిల్, జినెరామా) కూడా తీసుకోవాలి. ఎక్కువగా తగ్గేది జినెరామా. ఏది దొరకలేదో తెలియకపోతే క్యూటీ_డీబగ్_ప్లగిన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇచ్చి నడపండి, పేరుతో సహా చెబుతుంది.

మన వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో తరచూ తప్పిపోయేది ప్లాట్‌ఫాంఇన్‌పుట్‌కాంటెక్స్ట్స్ ఫోల్డర్. అందులోని ఐబస్ (తెలుగు లాంటి భాషల టైపింగ్ చూసే వ్యవస్థ) ప్లగిన్ లేకపోతే ఏ ఎర్రరూ రాదు. షాపాయన కస్టమర్ పేరు తెలుగులో కొడదామని కీబోర్డ్ మారుస్తాడు, పక్కనున్న ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు పడుతుంది, మీ పెట్టెలో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలే వస్తాయి. ఆ ప్లగిన్ ఒక్క ఫైలు, తప్పకుండా పెట్టండి. తెలుగు ఫాంట్ కూడా ఆ మెషీన్‌లో ఉంటుందన్న నమ్మకం లేదు. నోటో సాన్స్ తెలుగు లైసెన్స్ వెంట పంచడానికి ఒప్పుకుంటుంది, దాన్ని రిసోర్స్‌గా పెట్టి క్యూఫాంట్‌డేటాబేస్ ద్వారా లోడ్ చేయండి. థర్మల్ ప్రింటర్‌కి తెలుగు పంపేటప్పుడు టెక్స్ట్‌గా కాక బొమ్మగా పంపాలి, 80 మిల్లీమీటర్ల ప్రింటర్లలో సాధారణంగా 576 చుక్కల వెడల్పు.

ఈ లైబ్రరీలను ప్రోగ్రాం ఎలా కనుక్కుంటుంది? చాలామంది ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ పెట్టే షెల్ స్క్రిప్ట్ రాస్తారు. పనిచేస్తుంది, కానీ మీ ప్రోగ్రాం నుంచి పీడీఎఫ్ బిల్లు తెరిచినప్పుడు ఆ వేరియబుల్ పీడీఎఫ్ వ్యూయర్‌కి కూడా వారసత్వంగా పోతుంది. అది మీ పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, ఐసీయూలను పట్టుకుని కూలిపోతుంది. అందుకని దారిని బైనరీలోనే రాయండి. ప్యాచ్‌ఎల్ఫ్ సెట్-ఆర్‌పాత్‌తో బైనరీకి ‘డాలర్ ఆరిజిన్, ఒక మెట్టు పైకి, లిబ్’ అనీ, లిబ్ ఫోల్డర్‌లోని ప్రతి ఎస్ఓకి ఒట్టి ‘డాలర్ ఆరిజిన్’ అనీ, ప్లగిన్లకి వాటి లోతుని బట్టీ ఇవ్వండి. డాలర్ ఆరిజిన్ అంటే ఆ ఫైలు ఉన్న ఫోల్డరే. ప్రతి ఫైలుకీ ఎందుకంటే, ఇప్పుడు డిఫాల్ట్‌గా రాసే రన్‌పాత్ (బైనరీలో రాసిన లైబ్రరీల దారి) నేరుగా అడిగిన లైబ్రరీలకే వర్తిస్తుంది, వాటికి కావలసిన వాటికి వర్తించదు. ప్రోగ్రాంకి కర్ల్ దొరుకుతుంది, కర్ల్‌కి మాత్రం తన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ దొరకదు. ఆరిజిన్ ముందు డాలర్ గుర్తు ఉన్న మాటని సింగిల్ కోట్స్‌లో పెట్టాలి. లేకపోతే షెల్ దాన్ని ఖాళీ వేరియబుల్ అనుకుని మింగేస్తుంది. మేక్‌ఫైల్‌లో అయితే డాలర్ రెండుసార్లు. ప్యాచ్ చేశాక రీడ్‌ఎల్ఫ్‌కి చిన్న డీ ఇచ్చి నిజంగా పడిందో లేదో చూసుకోండి.

ఇంతవరకూ వస్తే ఏ ప్యాకింగ్ అన్న ప్రశ్న చిన్నదే, ఎందుకంటే లోపలి ఫోల్డర్ ఒక్కటే. షాపులకి యాప్‌ఇమేజ్ ఇవ్వండి: ఒకే ఫైలు, అప్‌డేట్ అంటే ఆ ఫైలు మార్చడమే. ఉబుంటు 22.04 నుంచి లిబ్‌ఫ్యూజ్2 (యాప్‌ఇమేజ్ ఫైలుని ఫోల్డర్‌లా మౌంట్ చేసే లైబ్రరీ) ముందే ఉండదు గనుక పాత తరహా యాప్‌ఇమేజ్‌లు అక్కడ తెరుచుకోవు. ఫ్యూజ్‌ని తనలోనే కలుపుకున్న కొత్త రన్‌టైంతో తయారు చేయండి. అయినా మొండికేస్తే యాప్‌ఇమేజ్-ఎక్స్‌ట్రాక్ట్-అండ్-రన్ ఆప్షన్ ఉంది. ఇంకో సంగతి: యాప్‌ఇమేజ్ రీడ్-ఓన్లీగా టీఎంపీ కింద మౌంట్ అవుతుంది. డేటాబేస్‌ని ప్రోగ్రాం పక్కనే పెట్టే అలవాటు మీకుంటే అది రాయడం కుదరదు. క్యూస్టాండర్డ్‌పాత్స్ వాడి యూజర్ హోంలోని డాట్-లోకల్/షేర్ కిందకి మార్చండి. ఆల్మా ఉన్న డీలర్‌కి అదే ఫోల్డర్‌ని టార్‌గా చుట్టి ఓపీటీలో విప్పితే సరిపోతుంది.

డెబ్ దారిలో వెళ్తే ఒక్కో రిలీజ్‌కి ఒక్కో డెబ్ బిల్డ్ చేయాలి. మీకొచ్చిన టీ64 ఎర్రర్ అందుకే: 32 బిట్ మెషీన్లలో 2038 సమస్య (ఆ ఏడాది దాటితే టైం విలువ పట్టకపోవడం) తప్పించడానికి టైం విలువని 64 బిట్లకి పెంచినప్పుడు ఉబుంటు 24.04లో చాలా లైబ్రరీ ప్యాకేజీల పేర్లు మారాయి, పాత రిలీజ్‌లలో ఆ పేర్లే లేవు. ఫ్లాట్‌ప్యాక్ మంచిదే గానీ, ఉబుంటులో ముందే ఉండదు, మొదటిసారి వందల ఎంబీల రన్‌టైం నెట్‌లోంచి దిగాలి, ప్రింటర్ పరికరాన్ని తాకాలంటే డివైస్-ఆల్ అనుమతి ఇవ్వాలి. జనానికంతటికీ పెట్టే యాప్‌కి అది సరి, మీ షాపులకి అనవసరపు బరువు. డాకర్ డెస్క్‌టాప్ ప్రోగ్రాంకి తగదు. జీలిబ్‌సిని స్టాటిక్‌గా కలపడం గో, రస్ట్‌లో రాసే కమాండ్ లైన్ పనిముట్ల వాళ్లు మజిల్‌తో (జీలిబ్‌సి బదులు వాడే మరో చిన్న లిబ్‌సి) చేసేదానిలా ఉండదు: క్యూటీ ప్లగిన్లు, గ్రాఫిక్స్ డ్రైవర్లు నడిచేటప్పుడు లోడ్ కావాలి, అక్కడే తెగిపోతుంది. పైగా క్యూటీ ఎల్‌జీపీఎల్ షరతులు డైనమిక్‌గా ఉంచితేనే తేలిగ్గా తీరతాయి. లైసెన్స్ కాపీ ప్యాకెట్‌లో పెట్టడం మర్చిపోకండి.

పంపే ముందు పరీక్ష మీ ల్యాప్‌టాప్‌లో వద్దు. అక్కడ డెవలప్‌మెంట్ ప్యాకేజీలన్నీ ఉన్నాయి, ఏది తగ్గినా కనపడదు. ఉబుంటు 20.04, డెబియన్ 11, ఫెడోరా కంటైనర్లలో ఫోల్డర్ విప్పి, బైనరీ మీదా ప్రతి ప్లగిన్ మీదా ఎల్‌డీడీ నడిపి ‘నాట్ ఫౌండ్’ వెతకండి. ఒట్టి కంటైనర్‌లో ఎక్స్ లైబ్రరీలు కూడా ఉండవు గనుక, పైన పొయ్యి అని చెప్పిన జాబితా తప్ప ఇంకేది తగ్గినా అది మీరు మోయాల్సిందే. స్క్రీన్ లేదని ఆఫ్‌స్క్రీన్ ప్లాట్‌ఫాంతో నడిపి ‘పనిచేసింది’ అనుకోవద్దు, అప్పుడు ఎక్స్‌సీబీ ప్లగిన్ అసలు తెరుచుకోదు. విండో, ఫ్యూజ్, ప్రింటర్ కోసం కనీసం రెండు వర్చువల్ మెషీన్లు, ఒకటి పాత ఉబుంటు, ఒకటి తాజా ఫెడోరా, డెస్క్‌టాప్‌తో సహా పెట్టి చూడండి.

షాపులో ప్రోగ్రాం తెరుచుకుని ప్రింట్ మాత్రం రాకపోతే, లైబ్రరీల జోలికి వెళ్లే ముందు అనుమతులు చూడండి. యూఎస్‌బీ ప్రింటర్‌కి నేరుగా రాస్తుంటే యూజర్ ఎల్‌పీ గ్రూపులో ఉండాలి, సీరియల్ కన్వర్టర్ మీద ఉంటే డయల్‌అవుట్ గ్రూపులో. యూజర్‌మాడ్‌తో చేర్చాక లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అయితేనే అమల్లోకి వస్తుంది. ప్రోగ్రామే తెరుచుకోకపోతే టెర్మినల్‌లో ఎల్‌డీ_డీబగ్‌కి లిబ్స్ అని ఇచ్చి నడిపించి, ఆ అవుట్‌పుట్ ఫైలుని వాట్సాప్‌లో పంపమనండి. లోడర్ ఏ లైబ్రరీ కోసం ఏ ఫోల్డర్లలో వెతికిందో, ఎక్కడ ఆగిందో వరసగా అందులో ఉంటుంది.